త్రాసు పట్టిన రసాయనవేత్త లావోయిజర్

వంటింటి పొయ్యిలో కట్టె మండును. పెరటిలో వానకు తడిసిన గునపము కొలది దినములలో తుప్పు పట్టును. ఉయ్యెలలో నిద్రించు పసిపాప ఊపిరి తీయుచుండును. మొదటిది భగ్గున జరుగును. రెండవది కంటికి కానరాకుండ జరుగును. మూడవది ప్రాణమునకు సంబంధించినది. చూపునకు ఈ మూడింటికిని పొత్తు లేదు. అయినను ఈ మూడును ఒకే కోవకు చెందిన రసాయన చర్యలని నేడు పాఠశాలలోని బాలుడు సైతము చెప్పగలడు. మూడింటను గాలిలోని ఆమ్లజని మరియొక పదార్థముతో కలియుచున్నది. ఈ సంగతిని లోకమునకు రుజువుచేసి చూపినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంత్వాన్ లోరాన్ లావోయిజర్. పైకి కనబడు రూపమును బట్టి గాక, లోనికి పోయినది ఎంత, వెలుపలికి వచ్చినది ఎంత అను లెక్కను బట్టి రసాయన చర్యలను వేరుపరుపవలెనని అతడు నేర్పెను. అట్టివాని జీవితము, ఒక వర్గమువారినందరిని ఒకే తీర్పుతో తుడిచివేసిన న్యాయస్థానములో ముగిసెను.

లావోయిజర్ 1743 ఆగస్టు 26వ తేదీన పారిస్ నగరమున సంపన్నుల ఇంట జన్మించెను. తండ్రి న్యాయవాది. ఐదేండ్ల ప్రాయముననే తల్లి గతించెను. తల్లి తోబుట్టువైన కాన్‌స్టాన్స్ వివాహమాడక, ఆ బాలుని పెంచుటకే తన జీవితమును అంకితము చేసెను. మజారిన్ కళాశాలలో చదువు ముగించుకొని, తండ్రి కోరిక చొప్పున న్యాయశాస్త్రము నభ్యసించి, 1764లో అతడు పట్టా పుచ్చుకొనెను. కాని మనసు మాత్రము ధర్మాసనములవైపు పోలేదు. రాజోద్యానములో రూయెల్ అను పండితుడు రసాయనశాస్త్రముపై చేయు ఉపన్యాసములు అతనిని ఆకర్షించెను. భూగర్భశాస్త్రజ్ఞుడైన గెట్టార్ వెంట పర్వతప్రాంతములు తిరిగి శిలలను, ఊటనీళ్లను పరీక్షించెను. పెద్ద నగరమున వీధిదీపములను ఎట్లు ఏర్పాటు చేసిన మేలో వివరించుచు వ్రాసిన వ్యాసమునకు 1766లో రాజుగారి బంగారు పతకము లభించెను. 1768లో, ఇరువదినాలుగేండ్ల వయసుననే, విజ్ఞాన పరిషత్తులో సభ్యుడయ్యెను.

ఆ సంవత్సరమే అతడు మరియొక పని కూడ చేసెను. ఫ్రాన్సు దేశమున ఉప్పు, పొగాకు, నగర ప్రవేశ సుంకములు మొదలగు పన్నులను రాజు స్వయముగా వసూలు చేయుట లేదు. ధనవంతుల సంఘ మొకటి రాజునకు నిర్ణీతమైన మొత్తము చెల్లించి, ఆ హక్కును ఇజారాకు తీసికొనుచుండెను. మిగిలిన సొమ్ము భాగస్వాములది. ప్రజలకు ఈ ఇజారాదారులపై అంతులేని ద్వేషము. లావోయిజర్ తన సొత్తులో కొంత వెచ్చించి ఈ సంఘమున భాగము కొనెను. ఆనాడు పరిశోధకులకు జీతభత్యములు అరుదు. తాను కోరిన సూక్ష్మమైన త్రాసులు, గాజుపాత్రలు, వాయుమాపకములు కొనుటకు కావలసిన ధనము అతనికి ఈ ఇజారా ఆదాయమునుండియే వచ్చెను. మున్ముందు అతని మెడకు చుట్టుకొన్నదియు అదియే.

1771లో అతడు తోటి ఇజారాదారుడైన పోల్జ్ కుమార్తె మేరీ ఆన్‌ను వివాహమాడెను. వధువు వయస్సు పదమూడేండ్లు, వరునికి ఇరువదియెనిమిది. ఆ బాలిక అచిరకాలములోనే భర్తకు కుడిభుజమయ్యెను. అతనికి రాని ఇంగ్లీషు భాషను ఆమె నేర్చి, ఆంగ్ల శాస్త్రజ్ఞుల గ్రంథములను ఫ్రెంచిలోనికి తెచ్చెను. ప్రసిద్ధ చిత్రకారుడైన దావీద్ వద్ద చిత్రలేఖనము నభ్యసించి, భర్త వాడిన పరికరముల పటములను స్వహస్తముతో గీసెను. ప్రయోగశాలలో అతడు చెప్పు కొలతలను ఆమె వ్రాసికొనుచుండెడిది. ఉదయమున కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు, వారమునకు ఒక పూర్ణదినము ప్రయోగములకు కేటాయింపబడెను. తక్కిన కాలమంతయు ఉద్యోగములకే సరిపోయెడిది.

నాటి రసాయనశాస్త్ర స్థితి తెలిసినగాని లావోయిజర్ చేసిన పని విలువ తెలియదు. పదార్థములను, వాని మార్పులను పట్టికలలో అమర్చు ప్రయత్నము అతనికి పూర్వమే ఆరంభమయ్యెను. 1718లో ఫ్రెంచివాడైన జాఫ్రువా, ఏ పదార్థమునకు దేనిపై మక్కువ యెక్కువో చూపు పట్టికను ప్రకటించెను. 1775లో స్వీడన్ దేశీయుడైన బెర్గ్‌మన్ దానిని మిక్కిలి విస్తరించి, ఒక పదార్థము వచ్చి మరియొక దానిని వెడలగొట్టి దాని చోటు నాక్రమించు చర్య ఒక విధమనియు, రెండు సంయుక్త పదార్థములు తమ భాగములను పరస్పరము మార్చుకొను చర్య వేరొక విధమనియు విడదీసెను. పట్టికలు చక్కనివే. కాని మంటను గూర్చిన మూల సిద్ధాంతమే తలక్రిందుగా నుండెను.

మండు వస్తువులన్నింటను ఫ్లాజిస్టన్ అను అగ్నితత్త్వము దాగియున్నదనియు, మండునపుడు అది వెలుపలికి పోవుననియు జర్మనుడైన స్టాల్ బోధించెను. లోహమును కాల్చిన భస్మమగును. కావున లోహమనగా భస్మమును అగ్నితత్త్వమును కలిసినది. ఆ భస్మమును బొగ్గుతో కలిపి కాల్చిన మరల లోహము వచ్చును. కావున బొగ్గు తనలోని అగ్నితత్త్వమును భస్మమున కిచ్చినది. వినుట కెంతయో సమంజసముగా నున్నది. కాని ఒక చిక్కు కలదు. లోహముకంటె దాని భస్మము ఎక్కువ బరువు తూగుచున్నది. ఉన్నది పోయినపుడు బరువు పెరుగుట యెట్లు? అగ్నితత్త్వమునకు బరువు లేకపోవుటయే గాక, అది ఇతరుల బరువును గూడ తగ్గించునని కొందరు సమాధానము చెప్పుకొనిరి. తక్కినవారు బరువును లెక్కింపనే లేదు.

లావోయిజర్ లెక్కించెను. ఇజారా కచేరిలో జమాఖర్చులు సరిచూచు కన్నే ప్రయోగశాలలో త్రాసును చూచెను. నీటిని పదేపదే మరిగించిన అది మట్టిగా మారునని ఆనాడు పలువురి విశ్వాసము. పాత్ర అడుగున మట్టి కనబడుటయే వారికి నిదర్శనము. 1768లో అతడు మూసివేసిన గాజుపాత్రలో నీటిని నూటయొక్క దినములు ఎడతెగక కాచెను. ముందును వెనుకను పాత్రను, నీటిని వేర్వేరుగా తూచెను. మొత్తము బరువు మారలేదు. నీటి బరువును తగ్గలేదు. తగ్గినది పాత్ర బరువు. మట్టి గాజునుండి వచ్చినదేగాని నీటినుండి కాదని తేలిపోయెను.

1772లో అతడు మంటవైపు దృష్టి మరల్చెను. గంధకమును, భాస్వరమును కాల్చి, ఏర్పడిన పదార్థములను జాగ్రత్తగా పట్టి తూచెను. రెండింటను బరువు పెరిగెను. సీసపు భస్మమును బొగ్గుతో కాల్చినపుడు అధిక పరిమాణములో వాయువు వెలువడుటను చూచెను. మండునపుడు వస్తువునుండి ఏదియో పోవుట లేదు. గాలినుండి ఏదియో వచ్చి చేరుచున్నది. ఈ ఊహ ఎంతటి విప్లవకరమో గ్రహించి, నవంబరు 1వ తేదీన దానిని వ్రాసి, ముద్రవేసి విజ్ఞాన పరిషత్తు కార్యదర్శి వద్ద దాచెను. కాని గాలినుండి వచ్చి చేరునది యేది? అది అతనికి ఇంకను తెలియదు.

ఆ తెలియని దానిని ఇంగ్లండులో ప్రీస్ట్లీయు, స్వీడనులో షీలేయు వేర్వేరుగా పట్టుకొనిరి. 1774 ఆగస్టులో ప్రీస్ట్లీ పాదరసపు ఎఱ్ఱని భస్మమును భూతద్దముతో వేడిచేయగా ఒక వాయువు వచ్చెను. దానిలో క్రొవ్వొత్తి మిక్కిలి ప్రకాశముతో వెలిగెను. అక్టోబరులో అతడు పారిస్ వచ్చి లావోయిజర్ ఇంట విందులో ఈ సంగతిని చెప్పెను. ఆ వాయువును చేతబట్టియు ప్రీస్ట్లీ దానిని అగ్నితత్త్వము తొలగిన గాలి యనియే జీవితాంతము నమ్మెను. లావోయిజర్ దాని నిజస్వరూపమును గ్రహించెను గాని, తనకు మార్గము చూపినవానిని తగినట్లు పేర్కొనలేదు. ఈ లోపమును చరిత్ర మరువలేదు. మరువవలసిన పనియు లేదు.

తరువాత అతడు జరిపిన ప్రయోగము రసాయనశాస్త్ర చరిత్రలో కలకాలము నిలుచునది. వంకరమెడ గల గాజుపాత్రలో నాలుగు ఔన్సుల పాదరసమును పోసి, ఏబది ఘనాంగుళముల గాలితో దానికి సంబంధము కల్పించి, పన్నెండు దినములు వేడిచేసెను. రెండవనాడు పాదరసముపై ఎఱ్ఱని రేణువులు కనబడెను. పన్నెండు దినములకు అవి పెరుగుట మానెను. గాలి ఏబదినుండి నలుబదిరెండు, నలుబదిమూడు ఘనాంగుళములకు తగ్గెను. మిగిలిన గాలిలో దీపము ఆరిపోయెను. ప్రాణులు ఊపిరాడక గిలగిలలాడెను. ఆ ఎఱ్ఱని భస్మము నలుబదియైదు గ్రెయినులు. దానిని వేరొక పాత్రలో ఇంకను తీవ్రముగా కాల్చగా నలుబదియొకటిన్నర గ్రెయినుల పాదరసమును, ఏడెనిమిది ఘనాంగుళముల వాయువును వచ్చినవి. ఎంత గాలి తగ్గెనో ఇంచుమించు అంతయు తిరిగి వచ్చినది. ఆ వాయువును మిగిలిన గాలితో కలుపగా మామూలు గాలి యేర్పడెను. జమకు ఖర్చు సరిపోయెను. అగ్నితత్త్వమునకు ఆ లెక్కలో చోటు లేదు.

మండుట, లోహము భస్మమగుట ఒకే చర్య యని తేలిన పిమ్మట ఊపిరి మాట వచ్చెను. 1782, 1783 సంవత్సరముల నడిమి చలికాలమున, గణితవేత్త లాప్లాస్‌తో గూడి, లావోయిజర్ మంచుగడ్డలు నింపిన పాత్రలో ఒక గినీపందిని ఉంచెను. దాని శరీరపు వేడికి కరగిన మంచు ఎంత, అది విడిచిన బొగ్గుపులుసు గాలి ఎంత అని కొలిచెను. బొగ్గు మండి అంతే బొగ్గుపులుసు గాలిని ఇచ్చునపుడు పుట్టు వేడితో పోల్చగా రెండును చాలవరకు సరిపోయెను. జీవుల శ్వాసము నెమ్మదిగా సాగు దహనమే యని అతడు ప్రకటించెను. తరువాత సెగాన్ అను సహచరునిపై ప్రయోగములు చేసి, కష్టించి పనిచేయునపుడు మనుష్యుడు ఎక్కువ ఆమ్లజనిని వినియోగించునని కనుగొనెను. శ్రమించు పేదవాని శరీరము ఎక్కువ ఇంధనమును ఖర్చుచేయుచుండగా వానికే ఆహారము తక్కువగా దొరకుట యేమి న్యాయమని ఆ శాస్త్రవ్యాసముననే విచారపడెను.

మిగిలినది నీరు. మండు వాయువు ఒకటి గాలిలో కాలినపుడు నీరు పుట్టునని ఇంగ్లండులో కేవెండిష్ కనుగొనెను. ఆ వార్త వినిన లావోయిజర్ 1783 జూనులో ప్రయోగమును స్వయముగా చేసి, నీరు మూలపదార్థము కాదని ప్రకటించెను. పిమ్మట ఎఱ్ఱగా కాలిన తుపాకిగొట్టములోనికి నీటి ఆవిరిని పంపి, ఇనుము నీటిలోని ఆమ్లజనిని లాగికొనగా, రెండవ వాయువు వెలువడుటను చూపెను. పంచభూతములలో ఒకటిగా వేలయేండ్లు పూజలందిన నీరు రెండు వాయువుల సంయోగమని తేలిపోయెను.

క్రొత్త జ్ఞానమునకు క్రొత్త భాష కావలసివచ్చెను. ఆనాటి పేర్లు వినిన నవ్వు వచ్చును. ఆంటిమొని వెన్న అనునది వెన్న కాదు. తాకిన చర్మమును కాల్చునది. యశదపు పూలు పూలు కావు, లోహభస్మము. 1787లో గీటన్ ద మోర్వో, బెర్తొలే, ఫూర్‌క్రువాలతో కలిసి లావోయిజర్ నూతన నామకరణ పద్ధతిని ప్రకటించెను. ఒక పదార్థము పేరు వినినంతనే అది యే మూలపదార్థములతో యేర్పడినదో తెలియవలెనన్నదే దాని సూత్రము. నాటి మూస నేటికిని లోకమంతట చెల్లుచున్నది.

1789లో వెలువడిన అతని రసాయనశాస్త్ర ప్రాథమిక గ్రంథము ఈ కృషి కంతటికిని శిఖరము. ఇక విడదీయరాని పదార్థములే మూలపదార్థములని నిర్వచించి, ముప్పదిమూడింటి పట్టికను అతడు ఇచ్చెను. ద్రాక్షరసము పులిసి మద్యమగుటను వివరించుచు, ఏ చర్యయందైనను ముందున్న పదార్థరాశియు తరువాత నుండు పదార్థరాశియు సమానమనియు, కావున దానిని బీజగణితములోని సమీకరణమువలె వ్రాయవచ్చుననియు చెప్పెను. పొరపాట్లును లేకపోలేదు. వెలుతురును, వేడిని మూలపదార్థములుగా లెక్కించెను. ఆమ్లములన్నింటను ఆమ్లజని యుండి తీరవలెనని నమ్మి, పులుసు పుట్టించునది యను అర్థము వచ్చు గ్రీకు మాటలతో ఆ వాయువునకు పేరు పెట్టెను. ఉప్పునుండి తీయు ఆమ్లములో ఆమ్లజని లేదని 1810లో డేవీ చూపెను. అయినను పేరు నిలిచిపోయెను. తెలుగువారు వాడు ఆమ్లజని అను మాట ఆ గ్రీకు పేరునకు అనువాదమే. అతని సత్యముతోబాటు అతని పొరపాటును ఆ మాటలో భద్రముగా నున్నది.

నేటి పాఠ్యపుస్తకములు రసాయన చర్యలను సంయోగము, వియోగము, స్థానభ్రంశము, ద్వంద్వ వియోగము అని నాలుగు తెగలుగా విభజించుచున్నవి. ఈ విభజనను లావోయిజర్ చేయలేదు. కాని అతని ప్రయోగశాలలో వీనికి చక్కని ఉదాహరణములు దొరకును. పాదరసము గాలినుండి ఆమ్లజనిని పుచ్చుకొని ఎఱ్ఱని భస్మమగుట సంయోగము. ఆ భస్మము వేడికి మరల పాదరసముగా, ఆమ్లజనిగా విడిపోవుట వియోగము. కాలిన ఇనుము నీటిలోని ఉదజనిని వెడలగొట్టి ఆమ్లజనిని చేకొనుట స్థానభ్రంశము. వెండి నత్రితపు ద్రవములో ఉప్పునీరు పోసినపుడు తెల్లని మడ్డి దిగుట బెర్గ్‌మన్ చెప్పిన జంట మార్పిడి. అదియే ద్వంద్వ వియోగము. ఈ నాలుగింటికిని అడ్డముగా సాగు మరియొక విభజన కలదు. అది ఆక్సీకరణము, క్షయకరణము. ఈ విభజనకు పునాది లావోయిజరే. ఇరువదవ శతాబ్దమున ఎలక్ట్రానుల సంగతి తెలిసిన పిదప, ఎలక్ట్రానులను కోల్పోవుటయే ఆక్సీకరణమని అర్థము విస్తరించెను. ఆమ్లజని లేని చర్యలును ఆ కోవలో చేరెను.

ప్రయోగశాల వెలుపల అతడు చేసిన సేవ తక్కువది కాదు. 1775నుండి తుపాకిమందు తయారీని పర్యవేక్షించి, దేశమునకు మేలైన మందును సమకూర్చెను. సొంత భూములలో వ్యవసాయ ప్రయోగములు చేసెను. 1788లో బ్లువా పట్టణము కరవుపాలైనపుడు ధాన్యము కొనుటకు వడ్డీలేని అప్పు ఇచ్చెను. విప్లవము వచ్చిన పిదప తూనికల కొలతల సంస్కరణ సంఘమున పనిచేసి, నిర్ణీతమైన పరిమాణముగల నీటి బరువును నిర్ధారించు పనిలో పాల్గొనెను. కాని పారిస్ ప్రజలకు ఇవియేవియు జ్ఞాపకము లేవు. సుంకము ఎగవేయు సరకులను ఆపుటకు నగరము చుట్టును ఇజారాదారులు కట్టించిన గోడ మాత్రము వారి కన్నుల యెదుట నుండెను. ఆ గోడ సలహా లావోయిజర్‌దే.

అతనికి శత్రువులును లేకపోలేదు. అగ్నిని గూర్చి మారా అను వైద్యుడు 1780లో ఒక గ్రంథము వ్రాయగా, విజ్ఞాన పరిషత్తు దానిని మెచ్చుకొన్నదన్న ప్రచారమును లావోయిజర్ ఖండించెను. విప్లవకాలమున మారా ప్రబలుడైన పత్రికాకర్తయై, 1791లో లావోయిజర్‌పై నిప్పులు చెరిగెను. ఆ యేటనే ఇజారా సంఘము రద్దయ్యెను. 1793 ఆగస్టులో విజ్ఞాన పరిషత్తు మూతపడెను. నవంబరులో ఇజారాదారులందరిని నిర్బంధింపవలెనని ఆజ్ఞ వెలువడెను. నాలుగు దినములు దాగియుండిన లావోయిజర్, పిదప మామతో గూడ స్వయముగా లొంగిపోయెను.

చెరసాలలో ఇజారాదారులచేత వారి లెక్కలే వ్రాయించిరి. ప్రజాధనమునకు హక్కునకు మించి వడ్డీ తీసికొనిరనియు, పొగాకులో మితిమీరి నీరు కలిపిరనియు వారిపై నేరములు మోపబడెను. జీవితమంతయు లెక్కలు సరిచూచిన లావోయిజర్ తోటివారి పక్షమున సమాధానములను సిద్ధపరచెను. మిగిలిన సమయమున తన శాస్త్రవ్యాసముల సంపుటమును సవరించుచుండెను. ఎవని పాపము ఎంత, ఎవని పుణ్యము ఎంత యని విడివిడిగా తూచు త్రాసు ఆ న్యాయస్థానములో లేదు. 1794 మే 8వ తేదీ ఉదయమున విచారణ జరిగెను. ఆనాడే శిక్ష అమలయ్యెను. ఇరువదియెనిమిదిమంది ఇజారాదారులు ఒకరి వెనుక నొకరు గిలటీన్ యెక్కిరి. మామ పోల్జ్ తల తెగిపడిన పిమ్మట అల్లుని వంతు వచ్చెను. అతని వయస్సు ఏబదియేండ్లు. క్రొత్త నామకరణమున తోడుగా నిలిచిన మిత్రులలో పలుకుబడి గలవారుండియు ఆ గండమును తప్పింపలేకపోయిరి. మూడు నెలలు తిరుగకముందే భీకరపాలన అంతమొందెను.

ఒక్కనాడే తండ్రిని, భర్తను పోగొట్టుకొనిన మేరీ ఆన్‌కు అప్పుడు ముప్పదియారేండ్లు. ఆస్తి జప్తయ్యెను, ఆమెయు కొంతకాలము ఖైదులో నుండెను. పిదప ప్రభుత్వము ఆ శిక్ష అన్యాయమని ఒప్పుకొని, భర్త వస్తువులను ఆమెకు తిరిగి యిచ్చెను. చెరసాలలో అతడు సవరించిన సంపుటమును ఆమె తన వ్యయముతో పూర్తిచేయించి, 1805లో పండితులకు ఉచితముగా పంచెను. రమ్‌ఫర్డ్ ప్రభువును పునర్వివాహము చేసికొనినను లావోయిజర్ పేరును విడువలేదు. ఆ వివాహము నాలుగేండ్లు మాత్రమే నిలిచెను. 1836లో ఆమె కన్నుమూసెను.

లావోయిజర్ భౌతికకాయము తక్కినవారితోబాటు గుర్తులేని గుంటలో పూడ్చబడెను. అతని సమాధి నేడు చూపుటకు లేదు. కాని ఏ దేశపు పాఠశాలలోనైనను ఒక విద్యార్థి రసాయన సమీకరణమును వ్రాసి, ఎడమవైపున నున్నదంతయు కుడివైపునకు వచ్చినదా లేదా అని సరిచూచుకొనుచున్నపుడు ఆ త్రాసు మరల నిలుచుచున్నది. ఏ చర్య యే కోవలోనిదో చెప్పుటకు ముందు దానిని తూచి చూడవలెనను పాఠమును అతడు లోకమునకు నేర్పెను. మనుష్యుల విషయమున ఆ పాఠమును పాటింపని కాలము అతనినే బలిగొనెను.